ఉమ్మడి దస్త్రము తెరుచుకొననప్పుడు



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట గురువులయొద్ద నేర్చినది వ్యాకరణము, కావ్యములు. కంప్యూటరు నేర్చినది ఉద్యోగము ముగియు కాలమున. అట్టివాడు యంత్రముల చిక్కులనుగూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కాని రెండు సంగతులు నన్నిందుకు పురికొల్పినవి. నేడు మన పల్లెలలో సైతము కొన్ని యిండ్లలో రెండు మూడు కంప్యూటర్లున్నవి. భూముల పత్రముల నకళ్లు, పెండ్లి ఫోటోలు, వంశవృక్షములు, పిల్లల చదువులు అన్నియు వానియందే చేరినవి. ఇది మొదటి సంగతి. ఈ విషయమున నేను తొందరపడి చేసిన యొక తప్పువలన తిరిగి రాని వస్తువొకటి నా చేజారినది. ఇది రెండవ సంగతి. ఆ తప్పు మీ యిండ్లలో జరుగకుండుటకే నేటి యీ నాలుగు మాటలు.

ముందుగా ఉమ్మడి దస్త్రమనగా నేమో తెలిసికొందము. కంప్యూటరులో వ్రాతలను, చిత్రములను, పాటలను కట్టగట్టి యుంచు స్థానమును ఫోల్డరందురు. మన మాటలో దస్త్రమనుకొనవచ్చును. ఒక యంత్రములోని దస్త్రమును ఆ యింటిలోని యితర యంత్రములనుండియు చూచునట్లు ఏర్పాటు చేసినచో అది ఉమ్మడి దస్త్రమగును. 1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవిని రద్దు చేయువరకు మన గ్రామములకు కరణము లుండెడివారు గదా. గ్రామపు లెక్కల దస్త్రము కరణముగారి యింటనే యుండెడిది. కావలసినవారు ఆ యింటికి పోయి, తామెవరో చెప్పి, చూపుమని యడిగెడివారు. ఆయన కొందరికి చూపెడివాడు, కొందరికి చూపనివాడు, దిద్దుటకు మాత్రము ఎవరికిని ఇచ్చెడివాడు కాడు. ఉమ్మడి దస్త్రపు పద్ధతియు అచ్చముగా నట్టిదే. దస్త్రము ఒక్క యంత్రమునందే యుండును. తక్కిన యంత్రములు దారివెంట దానియొద్దకు పోయి యడుగవలెను.

ఈ యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు ఎస్.ఎం.బి. అను భాష యొకటి కలదు. 1980 దశాబ్దమున అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ అను నతడు దీనికి తొలిరూపము కల్పించెను. పిమ్మట మైక్రోసాఫ్టువారు దానిని పెంచి తమ విండోస్‌నందు చేర్చిరి. ఆస్ట్రేలియా దేశస్థుడైన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990 దశాబ్దపు ఆరంభమున సాంబా అను దానిని రచించి, ఈ భాషను ఇతర జాతుల యంత్రములకును అలవరచెను. కనుకనే నేడు వేరువేరు తీరుల యంత్రములు ఒకే యింట ఒక దస్త్రమును పంచుకొనగలుగుచున్నవి.

దస్త్రము తెరుచుకొననప్పుడు యంత్రము ఊరకుండదు. ఏదో యొక వాక్యమును తెరమీద చూపును. సామాన్యముగా మనము దానిని చదువకయే మూసివేసి, "పనిచేయుట లేదు" అందుము. వ్యాకరణము చదివినవాడను గనుక నేను వాక్యమును విడువజాలను. ఆ వాక్యములు పలు రూపముల నున్నను ముఖ్యముగా రెండు తెగలవి. నెట్‌వర్క్ పాత్ కనబడలేదనునది మొదటి తెగ. దీనివెంట 0ఎక్స్80070035 అను సంఖ్యయు తరచుగా కనబడును. ప్రవేశమునకు అనుమతి లేదనియో, పేరు గాని పాస్‌వర్డు గాని తప్పనియో చెప్పునది రెండవ తెగ.

ఈ రెంటికిని ఎంత భేదమో చూడుడు. మీరొక మనిషిని కరణముగారి యింటికి పంపితిరనుకొనుడు. అతడు తిరిగివచ్చి "అయ్యా, ఇల్లు దొరకలేదు" అనుట ఒకటి. "ఇల్లు దొరికినది, కాని నన్ను లోనికి రానీయలేదు" అనుట మరియొకటి. ఇల్లు దొరకనివానికి సిఫారసు జాబు వ్రాసి ఇచ్చిన నేమి లాభము? లోనికి రానీయనివానికి దారి మరల చెప్పిన నేమి ప్రయోజనము? మొదటిది దారి దోషము. రెండవది అనుమతి దోషము. దారి దోషమునకు అనుమతి మందు వేయుటయు, అనుమతి దోషమునకు దారి మందు వేయుటయు మన మందరము చేయు పొరపాటు. నేటి ప్రసంగమున ఈ యొక్క మాట మీకు గుర్తుండిన చాలును.

ఈ యేడు వేసవిలో మా యింట జరిగినది చెప్పెదను. క్రింది గదిలో నా పెద్ద కంప్యూటరు కలదు. మా ఊరి దేవాలయపు రాతిశాసనములకు నేను వ్రాసికొన్న నకళ్లను, చెరువు నీటి పంపకమునుగూర్చి పెద్దలు చెప్పిన సంగతులను నాలుగేండ్లుగా అందు చేర్చుచున్నాను. నా మనుమరాలు మేడమీది గదిలో తన ల్యాప్‌టాప్‌నుండి ఆ దస్త్రమును తెరచి తప్పులు దిద్దుచుండును. అచ్చున కియ్యవలసిన గడువు వారములోనికి వచ్చినది. అంతలో పాత రౌటరు చెడిపోగా కొత్తది పెట్టించితిమి. రౌటరనగా ఇంటి యంత్రములకు దారులు కల్పించు చిన్న పెట్టె. మరునాడు ఉదయమున మనుమరాలు క్రిందికి వచ్చి, "తాతయ్యా, దస్త్రము తెరుచుకొనుట లేదు" అనినది. "ఏమని చెప్పుచున్నది?" అని యడిగితిని. "దారి కనబడలేదట" అనినది.

అందుచేత నేను అనుమతుల జోలికి పోక దారిని మాత్రమే పరీక్షింప నారంభించితిని.

మొదట చూడవలసినది దస్త్రమున్న యంత్రము మేలుకొని యున్నదా యనునది. కొంతసేపు ముట్టనియెడల నిద్రపోవుట నేటి కంప్యూటర్లకు స్వభావము. నిద్రించు యంత్రము తలుపు తట్టినను పలుకదు. మా యంత్రము మేలుకొనియే యుండెను.

రెండవది, ఆ యంత్రముమీదనే కూర్చుండి, దాని దస్త్రమును దాని నెట్‌వర్కు పేరుతోనే తెరచి చూచుట. తెరుచుకొనినచో పంచుకొను ఏర్పాటు సజీవముగా నున్నదనియు, దోషము రెండు యంత్రముల నడుమ నున్నదనియు తెలియును. మాకు అట్లే తెరుచుకొనినది.

మూడవది, రెండు యంత్రములును ఒకే వైఫైలో నున్నవా యనునది. కొత్త రౌటర్లు పెక్కింటిలో అతిథులకొరకు వేరొక వైఫై పేరుండును. అతిథుల వైఫైలో చేరిన యంత్రమునకు ఇంటర్నెట్టు వచ్చును గాని, ఇంటిలోని యితర యంత్రములు సాధారణముగా కనబడవు. అది వీధి అరుగుమీద కూర్చున్న బాటసారివంటిది. గాలి తగులును, వంటిల్లు కానరాదు. ఇంటర్నెట్టు వచ్చుచున్నది గదా, దారి సరిగానే యున్నదని భ్రమించువారు పలువురు. మా యింట రెండు యంత్రములును ఒకే వైఫైలో నుండెను.

నాల్గవది సంఖ్య. ఇంటి నెట్‌వర్కులో ప్రతి యంత్రమునకును రౌటరు ఒక సంఖ్య నిచ్చును. నల్లని కమాండు కిటికీ తెరచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టినచో ఆ సంఖ్య కనబడును. నా యంత్రమునకు 192.168.1.5 అనియు, మనుమరాలి దానికి 192.168.1.8 అనియు ఉండెను. మామూలు ఇండ్లలో మొదటి మూడు భాగములు సమానమైనచో రెండును ఒకే వీధిలో నున్నట్లు. అయితే ఆమె తన తెరమీద దాచుకొన్న గుర్తులో పాత రౌటరు కాలపు సంఖ్యయే నిలిచియుండెను. ఇల్లు మారిన చుట్టమునకు పాత చిరునామాకు ఉత్తరము వేసినట్లయినది. రౌటరు ఇచ్చు సంఖ్యలు శాశ్వతములు కావు. కావున గుర్తులను యంత్రపు పేరుతో పెట్టుకొనుట మేలు; లేదా రౌటరులోనే ఆ యంత్రమునకు ఒక సంఖ్యను స్థిరపరుపవలెను. పేరుతో తెరుచుకొనక సంఖ్యతో తెరుచుకొనినచో దారి బాగున్నది, పేరు గుర్తించుటలో మాత్రమే దోషమున్నదని గ్రహింపవలెను. నెట్‌వర్క్ అను పట్టికలో యంత్రపు పేరు కానరాకున్నను నిరాశపడ నక్కరలేదు. ఆ పట్టిక కూర్చు సేవ వేరు, దస్త్రమిచ్చు సేవ వేరు. పట్టికలో లేని యంత్రమును తిన్నగా పిలిచినచో పలుకవచ్చును.

మేము కొత్త సంఖ్యతో పిలిచితిమి. అప్పుడును దారి కనబడలేదనియే బదులు వచ్చినది. ఇక మిగిలినది అయిదవ పరీక్ష. విండోస్ ప్రతి నెట్‌వర్కును పబ్లిక్ అనియో ప్రైవేట్ అనియో రెండు విధములుగా భావించును. పబ్లిక్ అనగా సంతవంటి బహిరంగ స్థలము. ప్రైవేట్ అనగా మన యిల్లు. సంతలో మనము మూట విప్పము గదా. అట్లే పబ్లిక్ అని తలచినచోట యంత్రము తన్ను కనబడనీయక, వచ్చినవారికి తలుపు తీయక జాగ్రత్తపడును. కొత్త రౌటరు రాగానే నా యంత్రము దానిని ఎరుగని చోటుగా నెంచి పబ్లిక్ అని వ్రాసికొనియుండెను. దాని తప్పేమియు లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ అను చోటికి పోయి, ఆ వైఫై ప్రాపర్టీస్ తెరచి, ప్రైవేట్ అని మార్చితిని. పిమ్మట ప్రైవేట్ నెట్‌వర్కుకు సంబంధించి ఫైల్ షేరింగ్ అనుదానిని నడచునట్లు చేసితిని. ఈ మార్పు సొంత యింట మాత్రమే చేయదగును. రైలు స్టేషనులోను, హోటలులోను పబ్లిక్ అనియే యుండనీయవలెను.

మనుమరాలు మరల పిలిచినది. ఈసారి మాట మారినది. "పేరు గాని పాస్‌వర్డు గాని తప్పు" అని వచ్చినది. ఆమె మొగము చిన్నబుచ్చుకొన్నది. నాకు మాత్రము సంతోషమైనది. ఇల్లు దొరికినది! ద్వారపాలకుడు మాటలాడుచున్నాడు. దోషము మారుట కూడ పురోగతియే.

అప్పుడే పరిచయస్థుడైన యొక పడుచువాడు మా యింటికి వచ్చి సంగతి విని, "మాస్టారూ, ఇంత శ్రమ యెందుకు? ఎవ్రీవన్ అని పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇయ్యండి. ఫైర్‌వాల్ తీసివేయండి. అర నిమిషములో తెరుచుకొనును" అనెను. అతడు నా మేలు కోరియే చెప్పెను. కాని ఆ మాట వినగానే నా మనస్సు కలుక్కుమన్నది.

ఎందుకనగా 2022లో నేను సరిగా ఆ పనియే చేసితిని. అప్పుడును దస్త్రము తెరుచుకొనలేదు. కారణము వెదకు ఓపిక లేక, ఎవరో చెప్పినట్లు అందరికిని సర్వాధికారము లిచ్చితిని. వెంటనే తెరుచుకొనినది. పని యైనది గదా యని మరచితిని. మూడు నెలల పిమ్మట ఇంటికి చుట్టములు వచ్చిరి. వారి పిల్లవాడు మేడమీది కంప్యూటరులో ఆటకు చోటు చాలలేదని, పెద్దదిగా కనబడిన దస్త్రము నొకదానిని చెరిపివేసెను. ఆ దస్త్రము నా యంత్రములోనిదని వానికేమి తెలియును? అందు మా అక్కగారు పాడిన పాటలుండెను. అప్పగింతల పాటలు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు. మా అమ్మయొద్ద ఆమె నేర్చినవి. ఏ పుస్తకమునందును నేను చూడనివి. 2009లో నేనే ఆమెయెదుట కూర్చుండి పట్టినవి. 2016లో ఆమె దాటిపోయినది.

చెత్తబుట్టలో, అనగా రీసైకిల్ బిన్‌లో, ఉండునని ధైర్యముతో వెదకితిని. లేవు. అప్పుడు తెలిసినది: ఉన్న యంత్రములోనే చెరిపినవి చెత్తబుట్టకు పోవును గాని, నెట్‌వర్కు దారిన మరియొక యంత్రమునుండి చెరిపినవి మామూలుగా ఆ బుట్టకు పోవు, తిన్నగా పోవును. మా మేనల్లునికి ఎప్పుడో ఫోనులో పంపిన రెండు పాటలు మాత్రము మిగిలినవి. పిల్లవానిని ఒక్క మాటయు అనలేదు. వాడు చెరిపెను, చెరుపుటకు అధికార మిచ్చినవాడను నేను.

అందుచేత ఈ యేడు ఆ పడుచువానికి కాఫీ యిచ్చి కూర్చుండబెట్టి, తలుపు ఎందుకు తెరుచుకొనలేదో కనుగొందమని చెప్పితిని. అనుమతి దోషమునకు చూడవలసినవి నాలుగు.

మొదటిది దాచుకొన్న పాత పాస్‌వర్డు. ఆ వారముననే నేను నా యంత్రపు పాస్‌వర్డు మార్చియుంటిని. మనుమరాలి ల్యాప్‌టాప్ పాతదానిని జ్ఞాపకముంచుకొని, ప్రతిసారియు దానినే సమర్పించుచుండెను. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అను చోట ఆ జ్ఞాపకములుండును. నా యంత్రమునకు సంబంధించినదానిని అక్కడ తొలగించితిమి.

రెండవది పిన్‌కును పాస్‌వర్డుకును గల భేదము. తొలగించిన పిమ్మట యంత్రము క్రొత్తగా పేరు, పాస్‌వర్డు అడిగెను. నేను ప్రతిదినము కంప్యూటరు తెరచుటకు కొట్టు నాలుగంకెలను మనుమరాలు కొట్టినది. చెల్లలేదు. ఆ నాలుగంకెలు పిన్. అది ఆ యొక్క యంత్రముముందు కూర్చున్నవానికే చెల్లును. దూరమునుండి వచ్చువాడు అసలు పాస్‌వర్డే చెప్పవలెను. అసలు పాస్‌వర్డే లేని ఖాతాకు విండోస్ మామూలుగా నెట్‌వర్కు ప్రవేశమే యియ్యదు. పాస్‌వర్డు లేకున్న సులభమని తలచి దానిని తీసివేయువారు ఈ చిక్కున పడుదురు.

మూడవది రెండు తాళములు. విండోస్ దస్త్రమునకు షేరింగ్ అను చోట ఒక తాళము, సెక్యూరిటీ అను చోట మరియొక తాళము కలవు. నెట్‌వర్కునుండి వచ్చినవాడు రెంటిని దాటవలెను. రెంటిలో ఏది కఠినమో అదియే చెల్లును. ఒకదానిలో దిద్దుటకు అనుమతి యిచ్చి, రెండవదానిలో చదువుటకు మాత్రమే యిచ్చినచో అతడు చదువగలడు, దిద్దజాలడు. చాలమంది మొదటి తాళమునే చూచి, అంతయు ఇచ్చితిమి గదా, ఏల చెల్లదని విసుగుకొందురు.

నాల్గవది అతిథి ప్రవేశము. పూర్వము కొన్ని యంత్రములు పేరు చెప్పనివారినిగూడ అతిథియని లోనికి రానిచ్చెడివి. 2024లో వెలువడిన విండోస్ 11 రూపమునుండి ఈ విషయమున కట్టుదిట్టములు పెరిగినవి. నిన్నటివరకు తెరుచుకొన్న పాత డిస్కుపెట్టె కంప్యూటరును నవీకరించిన మరునాడు తెరుచుకొనకున్నచో కారణ మిదియే కావచ్చును. ఆ పెట్టెలో ఒక పేరు, పాస్‌వర్డు ఏర్పరచుటయే దానికి తగిన చికిత్స.

ఇచ్చట ఒక హెచ్చరిక. పాత పరికరములు పలుకనప్పుడు, ఎస్.ఎం.బి. భాషయొక్క మొదటి రూపమును మరల నెలకొల్పుమని కొందరు సలహా యిత్తురు. అది వలదు. 2017 మే నెలలో వాన్నక్రై అను దుష్టక్రమము ఆ పాత రూపములోని లోపమునే ఆధారము చేసికొని లోకమంతట వ్యాపించెను. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు స్తంభించినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత పడినవి. ఆ లోపమునకు మందు అదే సంవత్సరము మార్చిలోనే మైక్రోసాఫ్టువారు విడుదల చేసిరి, వేసికొననివారు చెడిరి. ఫైర్‌వాలును పూర్తిగా తీసివేయుటయు ఇట్టిదే. ఒక కిటికీ తెరువవలసినచోట గోడ పడగొట్టుట యేల?

మా కథ ముగించెదను. అసలు పాస్‌వర్డు నా నోటుపుస్తకమున దొరికినది. దస్త్రము తెరుచుకొనినది. అంతటితో ఆగక, నా యంత్రమున మనుమరాలి పేర వేరొక ఖాతా తెరచితిని. ఆమె దిద్దవలసిన దస్త్రమునకు దిద్దు నధికారము, శాసనముల మూల నకళ్లకు చదువు నధికారము మాత్రమే యిచ్చితిని. ఎవ్రీవన్ అను పేరు తొలగించితిని. అన్నింటికిని ప్రతులు తీసి వేరొక డిస్కులో నుంచి, ఆ డిస్కును కంప్యూటరునుండి విడదీసి బీరువాలో పెట్టితిని. ఎంత చక్కని తాళమైనను చేయిజారిన దానిని తిరిగి తేలేదు. ప్రతి యొక్కటే తేగలదు. ఈ పనికంతయు గంటన్నర పట్టినది. 2022లో నేను ఆదా చేసికొన్న కాలమును లెక్కించినచో అంతకంటె తక్కువయే.

ఆర్యులారా! మీ యింటి పిల్లలు ఈ విద్యలో మనకంటె చురుకైనవారు. వారి వ్రేళ్లకు వేగము కలదు. మన మియ్యగలిగినది నిదానము. దస్త్రము తెరుచుకొనలేదని వారు వచ్చినప్పుడు, "ఏమని చెప్పుచున్నది?" అని యొక్క ప్రశ్న యడుగుడు. ఇల్లు దొరకలేదనినచో దారి చూడుమనుడు: మెలకువ, వైఫై, సంఖ్య, పబ్లిక్ ప్రైవేట్ భేదము. రానీయలేదనినచో అనుమతి చూడుమనుడు: పాస్‌వర్డు, పిన్, రెండు తాళములు, అతిథి ప్రవేశము. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయించి, మరల పరీక్షింపుమనుడు. అందరికిని అన్నియు ఇచ్చివేయుదమని వారు తొందరపడినప్పుడు, ఆ దస్త్రములో ఎవరి గొంతు ఉన్నదో ఒకసారి గుర్తుచేయుడు.

మా అక్కగారి పాటలలో మిగిలిన ఆ రెంటిని మా యింట మూడు చోట్ల దాచితిమి. తక్కినవానిలో నాకు గుర్తున్న పాదములను మనుమరాలు వ్రాసికొనుచున్నది.